మేమంతా మాటలు నేర్చిన వేసవి

కీర్తన మా తమ్ముడు జయంత్‌ని కాదనలేదు. మా ఇంటిని కాదంది.

ఈస్టర్ వెళ్ళిన మరుసటి ఆదివారం వాళ్ళమ్మ జీవరత్నం గారితో కలిసి, మా ఇల్లు చూసి వెళ్దామని మైలవరం నుంచి పామర్రు వచ్చింది. నేను అప్పటికే పురిటికని పుట్టింటికి వచ్చి ఉన్నాను. జయంత్‌కి పుట్టినప్పటి నుంచీ వినపడదు. కీర్తనకీ అంతే. వాడు విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలకి రంగులు వేస్తాడు. ఆ అమ్మాయి అదే ఊళ్ళో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో డీటీపీ చేస్తుంది. ఆదివారం సాయంత్రాలు వాడు సినిమాలకి పోతున్నాడని మేమంతా అనుకునేవాళ్ళం. కాలవ పక్కనున్న పార్కులో వాడిలాంటి కుర్రాళ్ళూ అమ్మాయిలూ చేరి కబుర్లు చెప్పుకుంటారనీ, వీళ్ళిద్దరికీ పరిచయం అక్కడేననీ సంబంధం దాకా వస్తేగానీ మాకు తెలియలేదు.

ఆ రోజు అమ్మ కోడికూర వండింది, గారెలు చేసింది. వచ్చినవాళ్ళకి ఏ లోటూ చెయ్యలేదు.

"అమ్మాయి కారం తింటుందాండీ వదినగారూ?" అని అడిగింది జీవరత్నం గారిని.

"తింటుందండీ."

"వంట వచ్చా?"

"అన్నీ వచ్చండీ. హాస్టల్లో పెరిగిన పిల్ల గదా, పని తెలుసు."

కీర్తన ఎదురుగానే కూర్చుని ఉంది. అడిగేవాళ్ళ నోటి వైపోసారి, చెప్పేవాళ్ళ నోటి వైపోసారి చూస్తోంది. ఇంతలో నాన్న తను డిపోలో పనిచేసే రోజుల్లో ఒక డ్రైవరు బస్సుని పెళ్ళివారింటి ముందు ఆపేసి భోజనానికి కూర్చున్న సంగతి చెప్పాడు. అందరం పగలబడి నవ్వాం. కీర్తన జయంత్ వైపు తిరిగి, ఏమిటన్నట్టు చెయ్యి కదిపింది. వాడికి మాత్రం ఏం తెలుసు? భుజాలు ఎగరేశాడు. తర్వాత వాళ్ళిద్దరూ వాళ్ళ మాటల్లో వాళ్ళు పడ్డారు. మా వాడి చేతులు అంత వేగంగా, అంత ధీమాగా కదలడం మేం ఎన్నడూ చూడలేదు. గారెల పళ్ళెం పట్టుకుని వచ్చిన అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

వాళ్ళు వెళ్ళిపోయాక, "వీడికి ఇన్ని మాటలు ఎక్కణ్ణించి వచ్చాయే స్టెల్లా?" అంది.

ఇంట్లో వాడితో మాకున్న సైగలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అన్నం, నీళ్ళు, బస్సు, చర్చి, జ్వరం, పడుకో. మిగతాదంతా వాడు చూసి తెలుసుకోవాల్సిందే.

మర్నాడు నా ఫోన్‌కి కీర్తన దగ్గర్నుంచి వాట్సాప్ వచ్చింది. అమ్మకీ నాన్నకీ పైకి చదివి వినిపించాను.

"వదినా, జయంత్ మంచివాడు. నాకు ఇష్టమే. మీరందరూ కూడా మంచివాళ్ళే. కానీ మీ ఇంట్లో అందరూ మాట్లాడుకుంటారు, నేను అన్నం తింటూ కూర్చుంటాను. అలాంటి ఇల్లు నాకు ఇప్పటికే ఒకటి ఉంది. రెండోది వద్దు. ఏమీ అనుకోవద్దు."

అమ్మకి పౌరుషం వచ్చింది. "ఏం తక్కువ చేశామనీ? కోడిని కోసి పెట్టాం గదా."

"ఆ పిల్ల అనేది కోడి గురించి కాదు అమలా," అన్నాడు నాన్న.

సాయంత్రం జయంత్ పని నుంచి వచ్చాడు. వాడి ముఖం చూస్తేనే తెలిసింది, వాడికి ముందే చెప్పేసిందని. స్నానం చేశాడు, అన్నం తిన్నాడు, మేడ మీదకి పోయాడు. మమ్మల్ని ఏమీ అడగలేదు. మేమైనా ఏమన్నా చెప్పాలంటే మా దగ్గర ఉన్నవి ఆ అన్నం, నీళ్ళు, బస్సే.

నాన్న సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. మా నాన్న కృపానందం ఆర్టీసీ మెకానిక్‌గా రిటైరయ్యాక ఫోన్ పట్టుకున్నాడు. ఇంటర్నెట్‌లో పైసా ఖర్చు లేకుండా దొరికే పాఠం ఏదైనా సరే, ఆయన కంట పడకుండా పోయేది కాదు. కొన్నాళ్ళు నక్షత్రాలు, కొన్నాళ్ళు తేనెటీగలు, తర్వాత ఉర్దూ అక్షరాలు, గుండె ఎలా కొట్టుకుంటుందో, వంతెన ఎందుకు కూలదో. ఏదీ చివరిదాకా చూసేవాడు కాదు. ఆయన సరదా అంతా వెతకడంలోనే ఉంది. పక్కింటి రైతు హనుమయ్య గారికి చేలో ఎలుకల బెడద మీద పాఠం వెతికి పెట్టాడు. వాళ్ళ కోడలికి జాకెట్ల కటింగ్. పాస్టరు గారికి హీబ్రూ. చర్చిలో ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా ప్రార్థన అయ్యేలోపల దానికో వీడియో దొరికేది.

"ఊరందరికీ చదువులు చెప్పిస్తున్నారు. ఈ ఫ్యాను మాత్రం బాగు చెయ్యరు," అని అమ్మ సణిగేది.

ఆ సోమవారం నాన్న ఫోన్ పక్కన పెట్టేశాడు. కళ్ళజోడు తుడుచుకుని, "భాషే గదా. నేర్చుకుంటే పోలా," అన్నాడు.

"ఎవరు?" అంది అమ్మ.

"మనమే. స్టెల్లా, ఆ అమ్మాయికి రాయమ్మా. ఈ వేసవి ఒక్కటీ ఆగమను."

రాశాను. "సరే వదినా" అని జవాబు వచ్చింది. దాన్ని అవుననుకోవాలో, మర్యాదకి అన్న మాటనుకోవాలో తెలియలేదు.

నాన్న మర్నాటికల్లా పాఠాలు పట్టేశాడు. తెల్లటి గోడ ముందు నిలబడి ఒక దొరసాని ఒంటి చేత్తో ఏబీసీడీలు చూపిస్తోంది. చక్కటి వెలుతురు, చక్కటి చేతులు. వరండాలో నీళ్ళ చెంబుకి ఫోన్ ఆనించి, ముగ్గురం వరసగా కూర్చుని వారం పాటు సాధన చేశాం. శనివారం నాన్న జయంత్‌ని కుర్చీలో కూర్చోబెట్టి, గొంతు సవరించుకుని మరీ, వేళ్ళతో వాడి పేరు ఒక్కొక్క అక్షరం చూపించాడు. వాడు కళ్ళు చిట్లించి చూశాడు. మళ్ళీ చూపించమన్నాడు. నాన్న మళ్ళీ చూపించాడు. వాడు ఫోన్ తీసుకుని ఆ దొరసానిని చూసి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. తర్వాత అరచేతిని విమానంలా చేసి సముద్రాలు దాటించి, ఎక్కడో దూరంగా దింపాడు.

"అమెరికాదంట," అన్నాడు నాన్న, ఫోన్ వెనక్కి తీసుకుంటూ.

"సైగలక్కూడా దేశాలుంటాయా?" అంది అమ్మ.

ఉంటాయని ఆ రోజు తెలిసింది. మన దేశంలో అక్షరాలు రెండు చేతులతో చూపిస్తారట. నాన్న ఏమాత్రం నిరుత్సాహపడలేదు. ఆయనకి కావలసిందల్లా వెతకడానికి ఇంకో అవకాశం. ఢిల్లీ నుంచి ప్రభుత్వం వాళ్ళు పెట్టిన సైగల నిఘంటువు దొరికింది, ఒక్కో మాటకీ ఒక్కో చిన్న వీడియో. బెంగళూరు కుర్రాడొకడు దొరికాడు. తనకీ వినపడదు, నోటితో ఒక్క మాట పలక్కుండా పాఠమంతా చెప్తాడు. కింద తెలుగులో రాసి చూపించే టీచరమ్మ ఒకావిడ దొరికింది. ఏదీ ఒక వరసలో లేదు. నాన్నే వాటిని ఏరి, వంటింటి మాటలు అమ్మకి, కబుర్ల మాటలు నాకు, పలకరింపులూ మర్యాదలూ తనకీ పంచాడు.

ఏప్రిల్ అలా గడిచింది. కాలవలో నీళ్ళు కట్టేశారు. మధ్యాహ్నం కరెంటు పోతే అమ్మ తాటి ముంజలు ఒలుస్తూ, ఖాళీగా ఉన్న చేత్తో "తియ్యగా", "చల్లగా", "ఇంకొకటి" అంటూ నా మీద ప్రయోగం చేసేది. ఎలుకల పాఠం కోసం వచ్చిన హనుమయ్య గారు మా తంతు చూసి, "ఇదేదో బాగుందండీ కృపానందం గారూ, మా పొలంలో ట్రాక్టర్ మోతలో పనికొస్తుంది," అని తనూ ఒక కుర్చీ వేసుకున్నారు.

అందరికంటే వెనకబడింది నాన్నే. ముప్పై ఏళ్ళు స్పానర్లు పట్టిన వేళ్ళు, వంగమంటే వంగవు. పైగా ముఖంలో ఏ భావమూ ఉండదు. చెయ్యి ఎంత మాట్లాడుతుందో ముఖం కూడా అంత మాట్లాడాలని బెంగళూరు కుర్రాడు ప్రతి పాఠంలోనూ చెప్పేవాడు. ఆ సంగతి అమ్మకి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆవిడ కనుబొమ్మలు ఎగరేసి "ఎక్కడికి?" అని అడిగితే అడ్డమైన తిరుగుళ్ళు తిరిగేవాడు ఎవడైనా ఇంటికి రావాల్సిందే.

మా వాడొక్కడే కలవలేదు. మేం చెంబు ముందు కూర్చోగానే లేచి వెళ్ళిపోయేవాడు. మొదట్లో వాడికి సిగ్గనుకున్నాం. అమ్మ చేత్తో "రా, కూర్చో" అంటే చూడనట్టు చెప్పులేసుకునేవాడు. దొరసానిని చూసి అంతగా నవ్వినవాడు, సరైన పాఠాలు దొరికాక ఎందుకు ముఖం తిప్పుకుంటున్నాడో మాకు అర్థం కాలేదు.

మే మొదట్లో ఒక రోజు పొద్దున వాడు పనికి బయల్దేరుతుంటే అమ్మ క్యారేజీ ఇస్తూ, "మామిడికాయ పప్పు" అని చేత్తో చెప్పింది. ముందు రోజే నేర్చుకుంది. వాడు క్యారేజీ అరుగు మీద పెట్టాడు. అమ్మకి అర్థమయ్యేలా, నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడదీసి అడిగాడు.

"ఆమె కోసమా?"

అమ్మ వాడి చేతులవైపు చూస్తూ ఉండిపోయింది. నేను వరండాలో కూర్చుని ఉన్నాను. సాయం చేద్దామని లేవబోతే అమ్మ నా వైపు తిరగకుండానే ఆగమన్నట్టు చెయ్యి చూపించింది. తర్వాత తనకొచ్చిన మాటల్లోంచి రెండు వెతుక్కుంది.

"నీ కోసం," అంది. కాసేపాగి, "ఆలస్యం," అంది.

రెండో మాట తప్పు చూపించింది. వేళ్ళు మడవాల్సిన వైపు మడవలేదు. జయంత్ ఆవిడ చేతినే చూశాడు. ముందుకొచ్చి, ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుని, వేళ్ళు ఒక్కొక్కటే సరిగ్గా మడిచి, మణికట్టు పట్టుకుని ఎలా తిప్పాలో తిప్పి చూపించాడు. అమ్మ మళ్ళీ చెప్పింది. వాడు తల ఊపాడు. క్యారేజీ తీసుకున్నాడు. గుడివాడ వైపు నుంచి వచ్చే బస్సు ఆ రోజు వాడికి తప్పిపోయింది.

ఆ పొద్దున సైగలు సాధన చేసుకుంటూ అమ్మ పప్పులో ఉప్పు రెండుసార్లు వేసిందని సాయంత్రం వాడు వచ్చి చెప్తేగానీ తెలియలేదు. చేత్తోనే చెప్పాడు, మొహం వికారంగా పెట్టి. అమ్మకి మొత్తం అర్థమైంది.

ఆ వారం నుంచి చెంబు ముందు పాఠం వాడిదైపోయింది. ఢిల్లీ వీడియోలో ఒకలా చూపిస్తే, "వాళ్ళు అలా. బెజవాడలో ఇలా," అని సరిదిద్దేవాడు. నాన్న వేళ్ళకి నువ్వుల నూనె రాయించాడు. ముఖంలో భావాలు రావడం లేదని అద్దం ముందు నిలబెట్టాడు. హనుమయ్య గారు తొందరగా పట్టేస్తున్నారని నాన్నకి ఉడుకుమోతుతనం వచ్చింది.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక మధ్యాహ్నం భోజనాల దగ్గర వాడు ఉన్నట్టుండి తన చిన్నప్పటి కథ ఒకటి చెప్పాడు. అర్థం కాని చోట ఆపి, మళ్ళీ చెప్పించుకుంటూ విన్నాం. చిన్నప్పుడు పాస్టరు గారు అందరినీ తిడుతున్నాడని అనుకునేవాడట. ఎర్రటి ముఖం, చెయ్యెత్తి బెదిరించడం, బల్ల మీద గుద్దడం. ఇంతమంది పెద్దవాళ్ళు వారం వారం స్నానాలు చేసి, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, వరసగా కూర్చుని తిట్లు తింటారేమిటా అని వాడికి విడ్డూరం. అంత తిట్టాక అందరూ లేచి నిలబడి, ఒకేసారి నోళ్ళు తెరిచి ఆవలించేవారట. పాటలన్నమాట. తిట్లు తిని తిని ఇక నిద్రొస్తోంది, వదిలెయ్యమని అడుగుతున్నారనుకున్నాడట. అందుకే పాస్టరు గారు చేతులెత్తి పంపించేసేవాడట.

వాడు పాస్టరు గారి ముఖం, ముందు వరసలో నాన్న ముఖం, ఆవలించే అమ్మ ముఖం ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూపిస్తుంటే మాకు అన్నం గొంతు దిగలేదు. నవ్వి నవ్వి నా కడుపులో బిడ్డ కూడా తన్నింది. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ నోటితోనే అంది, "వీడు ఇంత నవ్విస్తాడని నాకు తెలియనే తెలియదే."

జూన్‌లో కాలవలకి నీళ్ళు వదిలిన వారం నాకు ఆడపిల్ల పుట్టింది. మా ఆయన డేనియల్ గన్నవరం నుంచి మిఠాయి పొట్లాలతో వచ్చాడు. బదులుగా ఆయనకి అమ్మ చేతుల భాషలో చీవాట్లు అందాయి, ఆలస్యంగా వచ్చినందుకు. నేను కీర్తనకి పాప ఫోటో పంపించాను. చూడ్డానికి రమ్మని రాశాను. ఇంకేమీ రాయలేదు.

జీవరత్నం గారూ తనూ ఒక ఆదివారం మధ్యాహ్నం బస్సు దిగారు. అప్పటికి నాన్న ఇంట్లో ఒక చట్టం చేశాడు. నోరు తెరిచినవాళ్ళు చేతులు కూడా తెరవాలి. చేత్తో చెప్పలేని మాట నోటితోనూ చెప్పకూడదు. దాంతో ఇంట్లో చాలా వరకు నిశ్శబ్దంగా ఉంది. తెలిసిన మాటలకంటే తెలియనివే ఎక్కువ గదా.

అమ్మ గుమ్మం దగ్గరే కీర్తనని పట్టుకుంది. జీవరత్నం గారిని పలకరించడం కూడా మరిచిపోయి, ఆ అమ్మాయి ముఖంలోకి చూస్తూ, "ఎండలో వచ్చావు. దాహం వేస్తోందా?" అని అడిగింది చేతులతో.

కీర్తన అమ్మ వైపు చూసింది. నా వైపు చూసింది. వెనక జయంత్ గోడకి ఆనుకుని నవ్వుతున్నాడు. "వేస్తోంది," అంది.

నాన్న మాత్రం రెండు వారాలుగా ఒక ఉపన్యాసం తయారు చేసుకుంటున్నాడు. అందరూ కూర్చున్నాక లేచి నిలబడి, చొక్కా సర్దుకుని మొదలుపెట్టాడు. "నమస్కారం. మా ఇంటికి వచ్చావు. సంతోషం. మాకు కొంచెం వచ్చు. తప్పులు చాలా. నువ్వు నేర్పు." ఇంతే చెప్పాలి. చివరి మాటకొచ్చేసరికి కంగారులో వేలు ఎటో పోయింది. కీర్తన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జయంత్ నవ్వాపుకోలేక నేల మీద కూలబడ్డాడు.

"ఏమన్నాను?" అన్నాడు నాన్న నోటితో, చట్టం మరిచిపోయి.

నువ్వు వండు అన్నాడట.

కీర్తన లేచి వచ్చి, ఆయన వేలు సరిచేసింది. ఆయన మళ్ళీ మొదటి నుంచీ మొత్తం చెప్పాడు. ఈసారి ముఖం కూడా చెప్పింది. అద్దం ముందు అన్నాళ్ళు నిలబెట్టినా రానిది ఆ ముఖంలోకి అప్పుడొచ్చింది.

పాప చేతులు మారుతోంది. అమ్మ భలే కబుర్లు చెప్తోంది, తప్పుల మీద తప్పులతో. కీర్తన సరిదిద్దుతోంది, నవ్వుతోంది, తనూ అడుగుతోంది. జీవరత్నం గారొక్కరే కుర్చీ అంచున కూర్చుని, ఆ చేతుల వైపోసారి, ఈ చేతుల వైపోసారి చూస్తున్నారు. ఆవిడ చేతిలో టీ చల్లారిపోయింది.

"అన్నయ్యగారూ," అన్నారు మెల్లిగా. "ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నారండీ? ఎంత తీసుకున్నారు?"

"ఏమీ తీసుకోరమ్మా. ఫోన్‌లో ఉంటాయి, అందరికీ ఉచితమే. వెతుక్కోవడమే పని."

"నాక్కూడా పంపిస్తారా?" ఆవిడ చల్లారిన టీ కింద పెట్టేశారు. "ఇది ఆరేళ్ళప్పుడే హాస్టలుకి పోయిందండీ. మాటలన్నీ అక్కడే నేర్చుకుంది. సెలవులకొస్తే తిన్నావా, పడుకో అని మాత్రమే అనేదాన్ని. నాకు ఇంకేమీ వచ్చేవి కావు."

నాన్న ఫోన్ తీసి ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఏది ముందు చూడాలో, ఏది తర్వాతో చెప్తూ, అమెరికా దొరసాని జోలికి పోవద్దని హెచ్చరిస్తూ, ఒక్కొక్కటే పంపించాడు. వాళ్ళమ్మ ఫోన్ టింగు టింగుమని మోగుతున్నా కీర్తనకి ఆ చప్పుడు వినపడదు గదా. తెర వెలగడం చూసి వంగి, అందులో ఏముందో చూసింది. చూసి, చాలాసేపు తల ఎత్తలేదు.

వెళ్ళేముందు ఆ అమ్మాయి మా అమ్మతో ఏదో అంది. చాలా వేగంగా అంది, మాకు ఒక్క ముక్క అందలేదు. నెమ్మదిగా అని అమ్మ బతిమాలింది. కీర్తన మళ్ళీ చెప్పింది.

"ఆగస్టులో ప్రెస్సులో పని ఎక్కువ. జూలై అయితే నాకు సెలవు దొరుకుతుంది."

అమ్మ రెండు నిమిషాలు పెళ్ళి ఏర్పాట్ల సంగతే మాట్లాడాక, వాళ్ళ బస్సు కదిలాక, అప్పుడు నా భుజం పట్టుకుని ఏడ్చింది.

జూలై మూడో వారంలో మా చర్చిలోనే పెళ్ళయింది. పార్కు స్నేహితులంతా వచ్చి రెండు వరసలు నింపేశారు. పాటల సమయంలో ఆ రెండు వరసలూ చేతులతో పాడాయి. హనుమయ్య గారు వాళ్ళ మధ్యలో కూర్చుని, తనకి తెలిసిన నాలుగు మాటలనే తిప్పి తిప్పి వాడుకుంటూ భోజనాల దాకా నెట్టుకొచ్చారు.

నాకు ఇంకా గన్నవరం వెళ్ళే రోజు రాలేదు. అందుకే ఆ తర్వాతది కూడా చూడగలిగాను. కీర్తన కాపరానికొచ్చి పది రోజులయి ఉంటుంది. వంటింట్లోంచి ఏ చప్పుడూ లేదుగానీ, ఏదో జరుగుతోందని నాకు అనిపించింది. పాపని భుజాన వేసుకుని వెళ్ళి చూద్దును గదా, అత్తాకోడళ్ళు స్టవ్‌కి చెరో పక్కన నిలబడి పోట్లాడుకుంటున్నారు.

"కుక్కర్ నాకు వదిలెయ్యి. కూత నీకు వినపడదు," అంటోంది అమ్మ.

"నాకు కనిపిస్తుంది. ఆవిరి కనిపిస్తుంది, గిన్నె అదురుతుంది. హాస్టల్లో వంద మందికి వండాను," అంటోంది కీర్తన. చేతులు గాలిని కోస్తున్నాయి.

"ఇది హాస్టలు కాదు. నా వంటిల్లు."

"నాది కూడా."

అమ్మకి కోపం నషాళానికెక్కింది. ఏదో అనబోతే చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఆ మాట ఇంకా నేర్చుకోలేదు. "ఉండు," అంది. "చెప్తే వినదు, పట్టిన పట్టు వదలదు. అలాంటి మనిషి. ఆ మాట ఏమిటి?"

కీర్తన అంత కోపంలోనూ, మొండి అనే మాట ఎలా చెప్పాలో చూపించింది. అమ్మ ఒకసారి చేసి చూసుకుంది. సరిగ్గా ఉందా అని అడిగింది. ఉందంది కీర్తన.

"నువ్వు మొండి," అంది అమ్మ.

"మీరే మొండి," అంది కీర్తన.

ఇద్దరూ మళ్ళీ అందుకున్నారు. నేను అడ్డం వెళ్ళలేదు. కుక్కర్ కూత మీద కూత కూస్తోంది. మామిడికాయ పప్పు వాసన వీధి దాకా పోతోంది. చెవులున్న అమ్మక్కూడా ఆ కూత వినపడినట్టు లేదు. చివరికి నేనే వాళ్ళ చేతుల కింద నుంచి వంగి వెళ్ళి స్టవ్ కట్టేశాను.